రెండో కార్డు కొనమంటావా అన్నా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఖమ్మం. బీటెక్ రెండో ఏడాది చదువుతున్నా. నా సిస్టమ్‌లో ఐ5-4590 ప్రాసెసర్, బీ85 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డు, కరెంటు ఇచ్చే డబ్బా 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉండే మా బావ తన పాత సిస్టమ్ అమ్మేస్తున్నాడు. అతనిది ఐ7-4770, అందులోనూ 970 కార్డే. కార్డు ఒక్కటీ నాకు 4,500కి ఇస్తానంటున్నాడు. రెండు కార్డుల్నీ ఒకే పనికి జతకట్టే ఎస్‌ఎల్‌ఐ పెడితే 4+4 ఎనిమిది జీబీ అవుతుంది, స్పీడు డబులవుతుంది అని కాలేజీలో సీనియర్ చెప్పాడు. ఇంకోపక్క సికింద్రాబాద్‌లో ఒక షాపువాళ్లు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది, సెకండ్ హ్యాండ్ 16,000 చెబుతున్నారు. నాన్నని 16 వేలు అడగాలంటే భయంగా ఉంది. గేములు ఆడతా, అప్పుడప్పుడు బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తా. ఏది కొనమంటావు?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, బావ ఆ కార్డు ఊరికే ఇచ్చినా నీ గేములకి పనికిరాదు. అలాగని బావతో బేరం తెంపుకోకు. ఆయన దగ్గర నీకు కావాల్సిన వస్తువు ఇంకోటి ఉంది, దాని సంగతి తర్వాత.

ముందు నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ బీ85 దగ్గర ఆగుదాం. నీ ప్రాసెసర్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకి 16 దారులు వస్తాయి, లేన్లు అంటారు. జెడ్87, జెడ్97 బోర్డుల్లో ఆ పదహారునీ ఎనిమిదీ ఎనిమిదిగా రెండు కార్డులకి పంచవచ్చు. బీ85లో పంచే ఏర్పాటు లేదు. కొన్ని బీ85 బోర్డుల మీద కింద ఇంకో పొడుగు స్లాటు కనిపిస్తుంది, చూడ్డానికి పైదానిలాగే ఉంటుంది. దానికి తగిలించింది మాత్రం నాలుగే లేన్లు, అవీ పాత తరంవి. ఎస్‌ఎల్‌ఐకి కార్డుకి ఎనిమిది లేన్లకి తక్కువైతే, ఈ కార్డుల చిప్పులు చేసే ఎన్విడియా ఒప్పుకోదు. రెండు కార్డుల్నీ కలిపే బ్రిడ్జి తగిలించి, రెంటికీ కరెంటు ఇచ్చి, ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే చూసి మురిసిపోవడమే. కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే ఎస్‌ఎల్‌ఐ అన్న మాటే కనపడదు.

అంటే బోర్డు మార్చాలి. ఒక్కో 970కి 145 వాట్లు, రెంటికి 290, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాలి. బ్రిడ్జి వెతకాలి. క్యాబినెట్‌కి ఇంకో రెండు ఫ్యాన్లు. మా సికింద్రాబాద్‌లో దీన్ని చారానా కోడికి బారానా మసాలా అంటారు.

సరే, ఇవన్నీ నీకు ఎవరో ఊరికే ఇచ్చారనుకుందాం. అప్పుడైనా వద్దనే అంటాను. ఎందుకంటే ఆ మసాలా నేను నూరి చూశాను.

2012 ఎండాకాలం. అప్పుడు నేను పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ పక్క సందులో, మేడ మీద గదిలో రిపేర్లు చేసేవాణ్ణి. జీటీఎక్స్ 560 టీఐ కార్డులు రెండు చేతికొచ్చాయి. ఒక్కోటి 1 జీబీ, 170 వాట్లు. జత చేసి గేమ్ పెడితే మూలన ఫ్రేముల లెక్క, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో, 60 పైనే చూపిస్తోంది. కింద నుంచి కుర్రాళ్లు కూడా వచ్చి చూసి అబ్బో అన్నారు. నేనూ కాలరెగరేశాను. పది నిమిషాలు ఆడాక నాకే తేడా కొట్టింది. లెక్క 60 అంటోంది, కంటికి మాత్రం 40 దగ్గర నడుస్తున్నట్టుంది. గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చున్నట్టే.

అది నా కళ్ల దోషం కాదని తర్వాత తెలిసింది. రెండు కార్డులు పని పంచుకునే పద్ధతిలోనే ఉంది కిటుకు. మొదటి ఫ్రేము ఒకటి గీస్తుంది, రెండోది ఇంకోటి, మూడోది మళ్లీ మొదటిది. సమంగా వస్తే ఫ్రేముకి ఫ్రేముకి మధ్య 16 మిల్లీ సెకన్లు పట్టాలి. నిజానికి ఒకటి 8 మిల్లీ సెకన్లకే వచ్చేస్తుంది, తర్వాతది 25కి వస్తుంది, మళ్లీ 8, మళ్లీ 25. సగటు తీస్తే అరవై ఫ్రేములే. కన్ను సగటు తీయదు కదా, ఆ 25నే పట్టుకుంటుంది. దీన్ని మైక్రోస్టటర్ అంటారు. 2013లో ఎన్విడియా ఎఫ్‌క్యాట్ అనే కొలత పద్ధతి బయటపెట్టాక పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల జతపద్ధతి క్రాస్‌ఫైర్‌లో కొన్ని ఫ్రేములు తెర మీద సన్నటి చీలికలా కనబడి పోతున్నాయని తేలింది. లెక్కలో మాత్రం అవీ ఫ్రేములే. ఆ ఏడాది ఆగస్టులో ఏఎండీ డ్రైవర్ సవరించింది కూడా. జబ్బు తగ్గిందే గానీ పోలేదు.

ఇక నా 560ల కథ ముగిసిన తీరు చెబుతాను, నీ 450 వాట్లకి పనికొస్తుంది. నా ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 650 వాట్లు అని ఉంది. ఏ కంపెనీదో అనవసరం. ఒకరోజు మధ్యాహ్నం టప్‌మని శబ్దం, కాలిన చేపల వాసన. విప్పి చూస్తే లోపల కెపాసిటర్ ఉబ్బి పగిలింది. అప్పుడు గానీ పక్కనున్న స్టిక్కరు చదవలేదు నేను. 12 వోల్టుల గడిలో 24 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు ఇరవైనాలుగులు 288. కార్డులూ ప్రాసెసరూ తినేది ఆ 12 వోల్టుల లైనే. నేను దాని మీద 400 పైన మోపాను. రిపేర్లు చేసేవాణ్ణి, ఎదుటివాడి డబ్బా మీద రోజుకి నాలుగుసార్లు చదివేవాణ్ణి, నాది మాత్రం చదవలేదు. నువ్వు ఇవాళే క్యాబినెట్ పక్క తలుపు తీసి 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడు, పన్నెండుతో గుణించు. వచ్చిందే నీ అసలు వాట్లు.

యూపీఎస్ ముచ్చట ఒకటి మర్చిపోయాను. అప్పట్లో కరెంటు కోతలు. 600 వీఏ యూపీఎస్ అంటే మోసేది 360 వాట్ల దాకా. గేమ్ మధ్యలో కరెంటు పోతే అది ఒక్కసారి కీచుమని అరిచి చచ్చేది, దాంతోపాటు సేవ్ చేయని ఆట కూడా.

మీ సీనియర్ చెప్పిన 4+4 సంగతి. గేముల్లో ఆ కూడిక జరగదు. రెండు కార్డులూ ఒకే దృశ్యాన్ని గీయాలి కాబట్టి గోడల బొమ్మలు, మనుషుల బొమ్మలు అన్నీ రెంటిలోనూ ఉండాలి. ఒకే పుస్తకం ఇద్దరు పిల్లలకి చెరొకటి కొనిచ్చినట్టు. పుస్తకాలు రెండయ్యాయి గానీ పాఠాలు పెరగలేదు. కాబట్టి నాలుగూ నాలుగూ నాలుగే. 970లో అదీ పూర్తిగా నాలుగు కాదు: 3.5 జీబీ వేగంగా పనిచేస్తుంది, చివరి అర జీబీ నెమ్మది. 2015 జనవరిలో ఎన్విడియానే ఒప్పుకుంది, అమెరికాలో కొన్నవాళ్లకి తలా 30 డాలర్లు ఇచ్చే రాజీ కూడా కుదిరింది.

ఇంతకీ ఈ జతకట్టే పద్ధతి మొదటి నుంచీ ఇంత అధ్వానమా అంటే కాదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ల వూడూ2 కార్డులు రెండు కలిపితే ఒకటి తెర మీద సరి గీతలు, ఇంకోటి బేసి గీతలు గీసేది. చక్కగా పంచుకునేవి. ఆ కంపెనీ ఆస్తుల్ని ఎన్విడియా కొనుక్కుని, 2004లో 6800 కార్డులతో ఎస్‌ఎల్‌ఐ పేరే మళ్లీ తెచ్చింది. అప్పటి గేముల్లో ఒక ఫ్రేముకి ఇంకో ఫ్రేముతో పెద్దగా పనుండేది కాదు. ఇప్పటి గేములు అంచుల గరుకు పోగొట్టడానికి వెనకటి ఫ్రేముని చూసి మరీ ఇప్పటిది గీస్తాయి. ఆ వెనకటిది పక్క కార్డులో ఉంటే? బ్రిడ్జి దాటి వచ్చేదాకా ఇది చేతులు కట్టుకుని కూర్చోవాలి. జత విరిగింది అక్కడే.

అసలు ఏ గేముని రెండు కార్డులకి ఎలా పంచాలో ఒక్కో గేముకీ డ్రైవర్‌లో విడిగా రాసి పెట్టాలి, ప్రొఫైల్ అంటారు. 2021 జనవరి 1 నుంచి కొత్త ప్రొఫైళ్లు రాయడం ఆపేశామని ఎన్విడియా ముందే చెప్పేసింది. కావాలంటే గేము తయారుచేసేవాళ్లే రాసుకోవాలి. నూటికి ఒకడు కొనే జత కోసం వాళ్లెందుకు రాస్తారు? 2016లో 1060 మీద బ్రిడ్జి పళ్లే తీసేశారు. 2022లో 4090 వచ్చేసరికి అంత ఖరీదైన కార్డుకే జతకట్టే చోటు లేదు. కార్డులకి బలం ఉంది తమ్ముడూ, పని పంచే మేస్త్రీ మానేసి వెళ్లిపోయాడు. 2015 నాటి జీటీఏ 5 లాంటివి ఆడుకుంటే పాత ప్రొఫైలు ఉంది, రెండు కార్డులూ పనిచేస్తాయి. కొత్త గేము పెట్టిన రోజు రెండో కార్డు ఊరికే వెలుగుతూ కూర్చుంటుంది.

పైగా నీ 970కీ బావ 970కీ వయసైపోయింది. ఆ తరం కార్డులకి కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి. 2028 అక్టోబరు దాకా భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ గేము, 2025 మేలో వచ్చిన కొత్త డూమ్, రెండింటికీ వెలుగునీడల్ని లెక్కగట్టే రే ట్రేసింగ్ చేసే కార్డు తప్పనిసరి. 970లు రెండు కాదు, నాలుగు పెట్టినా తలుపు తెరుచుకోదు.

3060 సంగతి. ఒక్క 970తో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు వేగం. రెండు 970లు కలలో ఇచ్చే వేగం ఇది మెలకువలో ఇస్తుంది. మెమరీ 12 జీబీ. తినేది 170 వాట్లు, నీ పాతదానికన్నా 25 ఎక్కువ. ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటుంది. నీ స్టిక్కరు లెక్క 400 దాటితే నీదానితోనే నెట్టుకురావచ్చు, లేకపోతే కార్డుతో పాటు దాన్నీ మార్చు. మామూలు హార్డ్ డిస్కు వైర్ల నుంచి ఎనిమిది పిన్నులకి మార్చే కన్వర్టరు మాత్రం తగిలించకు, కరిగిపోయినవి నా డ్రాయర్లో ఇంకా ఉన్నాయి.

అంతకన్నా కొత్తది, 4060 ఎందుకు కాదంటావేమో. అది 115 వాట్లే తింటుంది, మంచిదే. కానీ ఎనిమిది లేన్లతోనే పనిచేసే కార్డు అది. నీ పాత బోర్డులో ఒక్కో లేను వేగం సగం, కాబట్టి దాని 8 జీబీ నిండినప్పుడు తడబడుతుంది. 3060కి పదహారూ ఉన్నాయి. ఇంటెల్ ఆర్క్ బీ580 కూడా 12 జీబీయే, ధర చూసి నోరూరుతుంది. దానికి రీసైజబుల్ బార్ అనే ఏర్పాటు బోర్డులో ఉండాలి, నీదాంట్లో లేదు. ముట్టుకోకు.

షాపులో కొనేటప్పుడు కార్డు వివరాలు చెప్పే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ పెట్టి చూపించమను. 3,584 షేడర్లు, 12,288 ఎంబీ, 192 బిట్ అని ఉండాలి. 8 జీబీతో 128 బిట్ 3060 ఒకటుంది, పెట్టె మీద పేరు అదే, దాన్ని అంటగడతారు. కార్డు పేరు ముందు ఫేక్ అని పడిందా, మాట్లాడకుండా మెట్లు దిగెయ్. స్క్రూల తలలు చెక్కుకుపోయాయా, వెనక ప్లేటు అంచున నూనె మరకలున్నాయా చూడు. 2022 సెప్టెంబరులో కార్డుల్ని రాత్రింబవళ్లు నడిపి ఈథీరియం క్రిప్టో సంపాదించే మైనింగ్ ఆగిపోయాక గోదాములకొద్దీ ఇలాంటి కార్డులు బజారులోకొచ్చాయి. మైనింగ్ చేసిందని నేను కార్డుని అసహ్యించుకోను, ధర తగ్గించి అడుగుతాను. ఇరవై నిమిషాలు కార్డుని వేడెక్కించి పరీక్షించే ఫర్‌మార్క్ నడిపించమంటే ఏసీ కింద పెట్టి నడిపిస్తారు, ఏసీ ఆపమని అడుగు. ఖమ్మంలో మేలో ఆడుకోవాల్సింది నువ్వు.

ఇప్పుడు బావ. ఆయన కార్డు వద్దు, ఐ7-4770 అడుగు. నీ బోర్డులో అదే సాకెట్టు, అవే 84 వాట్లు. బయోస్ ఒకసారి సరిచూసుకుని దింపెయ్. నీ ఐ5కి నాలుగు కోర్లు, ఒకేసారి నడిపే పనులు (థ్రెడ్లు) నాలుగే. 3060 పెట్టాక జనం తిరిగే పెద్ద ఊళ్ల గేముల్లో కుదుపులొచ్చేది దానివల్లే. 4770కి ఎనిమిది థ్రెడ్లు. బావ ఎలాగూ కార్డు విడిగా ఇస్తానన్నాడు కాబట్టి ప్రాసెసర్‌కీ పెద్దగా పట్టుబట్టకపోవచ్చు. నీ 970 అమ్మగా వచ్చినదాంతో ఆ లెక్క సరిపోవచ్చు.

ఒక్క పనికి మాత్రం మీ సీనియర్ మాట సగం నిజం. బ్లెండర్‌లో తుది బొమ్మ గీసే సైకిల్స్‌కి ఎస్‌ఎల్‌ఐ అక్కర్లేదు, బ్రిడ్జి అక్కర్లేదు, నీ నాలుగు లేన్ల స్లాటు కూడా చాలు. రెండు కార్డులూ బొమ్మని పంచుకుని గీస్తాయి, టైము ఇంచుమించు సగానికొస్తుంది. అయితే సీను మొత్తం ఒక్కో కార్డులోని 4 జీబీలో పడితేనే ఆ వేగం. నువ్వు రాసింది అప్పుడప్పుడు అని కదా, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నాన్నతో మాట్లాడేటప్పుడు కరెంటు లెక్క కూడా చెప్పు. రెండు 970లకీ ఒక 3060కీ తేడా 120 వాట్లు. రోజుకి మూడు గంటలు ఆడితే నెలకి 11 యూనిట్లు. ఇంట్లో గృహజ్యోతి జీరో బిల్లు వస్తుంటే, ఎండాకాలం 195 దగ్గర ఊగే మీటర్ని 200 దాటించడానికి ఆ పదకొండు చాలు. నాన్నలకి గ్రాఫిక్స్ అర్థం కాకపోయినా ఇది వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: మేము రాజమండ్రిలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాం. సిస్టమ్‌లో ఆరో తరం ఐ7, జీటీఎక్స్ 1060 6 జీబీ ఉన్నాయి. కొత్త సోనీ కెమెరా ఫైళ్లు టైమ్‌లైన్ మీద పెడితే కదలడం లేదు. ఎడియస్, డావిన్చీ రిజాల్వ్ రెండూ వాడతాం. ఇంకో 1060 చవగ్గా దొరుకుతోంది, వేయమంటారా?
– ఒక స్టూడియో యజమాని

జవాబు: వేయకండి సార్. రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఒక్క కార్డునే వాడుకుంటుంది, డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్ అయితేనే రెండోదాన్ని పలకరిస్తుంది. ఎడియస్‌లో బరువంతా ప్రాసెసర్ మీదే. కానీ మీ అసలు ఇబ్బంది ఈ రెండూ కావు. ఆ కెమెరాలో ఫైలు రకం చూడండి. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్, 4:2:2, 10 బిట్ (రంగు వివరాలు ఎక్కువగా దాచే రకం) అని పెట్టి ఉంటారు. ఆ రకాన్ని విప్పే భాగం 2025లో వచ్చిన 50 వరస కార్డుల దాకా ఎన్విడియా గేమింగ్ కార్డుల్లో లేదు. కాబట్టి 1060లు పది పెట్టినా టైమ్‌లైన్ కదలదు. ఇంటెల్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి, లోపలే ఉండే గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది. 12400 లాంటి మామూలు ఐ5 చాలు. పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం తేవద్దు, అందులో ఆ గ్రాఫిక్సే ఉండదు. షాపువాళ్లు వెయ్యి రూపాయలు తక్కువని అదే చేతిలో పెడతారు. మార్చేదాకా, ముహూర్తాలు దగ్గర్లో ఉంటే, కెమెరాని ఎక్స్‌ఏవీసీ ఎస్‌కి మార్చి 4:2:0, 8 బిట్‌లో తీయండి. పట్టుచీరల రంగు దిద్దేటప్పుడు కొంచెం ఇబ్బంది, కానీ ఆల్బమ్ టైముకి అందుతుంది.

ప్రశ్న: రెండు 3060లు, 12 జీబీవి, పెడితే ఏఐ భాషా మోడళ్లు ఇంట్లోనే నడపడానికి 24 జీబీ అవుతుందా? అక్కడా 12 అంటారా?
– ఒక అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: మేడమ్, ఇక్కడ మాత్రం కూడిక కుదురుతుంది. మోడళ్లు నడిపే లామా.సీపీపీ లాంటి సాఫ్ట్‌వేర్లు మోడల్ పొరల్ని సగం ఒక కార్డులో, సగం ఇంకోదాంట్లో పెడతాయి. నకళ్లు అక్కర్లేదు. బ్రిడ్జి అక్కర్లేదు, 3060కి ఎటూ లేదు. 12లో పట్టని మోడల్ 24లో పడుతుంది. వేగం రెట్టింపు అవుతుందని మాత్రం ఎదురుచూడకండి. మొదటి కార్డు తన పొరలు ముగించాకే రెండోదాని వంతు వస్తుంది, ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి కూర్చునే ఉంటుంది. పాత టెస్లా పీ40లో ఒక్కదాంట్లోనే 24 జీబీ ఉందని ఎవరైనా చెబితే, నిజమే, కానీ ఎన్విడియా లెక్కల సాఫ్ట్‌వేర్ CUDA 13 ఆ తరం కార్డుల్ని వదిలేసింది. దానికి సొంత ఫ్యాను కూడా ఉండదు. 3060లే తీసుకోండి. రెంటి మధ్య కనీసం ఒక స్లాటు ఖాళీ ఉండే బోర్డు చూడండి, పై కార్డుకి గాలాడాలి. వరంగల్ ఎండల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.